గెలిచే ఆటలోనూ దివాలా ఎందుకు తీస్తారు?

ఒక నాణెం ఉందనుకుందాం. అది మామూలు నాణెం కాదు. ఎగరేస్తే సగటున 100కు 60 సార్లు బొమ్మ, 40 సార్లు బొరుసు పడుతుంది. ఆ సంగతి మీకు ముందే చెప్పారు. బొమ్మ మీద ఎంత కాస్తే, గెలిచినప్పుడు అంత లాభం వస్తుంది. ఓడితే కాసింది పోతుంది. మీ చేతిలో 1,000 రూపాయలున్నాయి. ఎన్నిసార్లయినా ఆడవచ్చు. ప్రతిసారీ ఎంత కాస్తారు?

ఇంత అనుకూలమైన ఆటలో డబ్బు పోగొట్టుకునే వారెవరుంటారని అనిపిస్తుంది. ఈ సందేహాన్నే విక్టర్ హఘానీ, రిచర్డ్ డ్యూయీ అనే ఇద్దరు ప్రయోగంతో పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడించారు. ఆర్థిక శాస్త్ర విద్యార్థులు, ఆర్థిక సంస్థల్లో పనిచేసే యువ ఉద్యోగులు కలిపి 61 మందికి తలా 25 డాలర్లు ఇచ్చి, ఇలాంటి నాణెంతోనే అరగంట ఆడించారు. గెలుచుకోగలిగే గరిష్ఠ మొత్తాన్ని 250 డాలర్లుగా నిర్ణయించారు. చివరకు 28 శాతం మంది ఉన్నదంతా పోగొట్టుకున్నారు. గరిష్ఠ మొత్తాన్ని అందుకున్నది 21 శాతం మందే. 18 మంది ఏదో ఒక దశలో చేతిలోని మొత్తాన్ని ఒక్క పందెం మీద పెట్టేశారు.

వాళ్లు లెక్కలు రాని వారు కాదు. బొమ్మకు అవకాశం ఎక్కువని వాళ్లకు తెలుసు. తెలియనిదల్లా ఎంత కాయాలన్నదే. జూదాన్నే బతుకుతెరువుగా చేసుకున్న వారు ‘బ్యాంక్‌రోల్’ అని పిలిచే ఆట పెట్టుబడిని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. సంభావ్యతా గణితం దీనికి స్పష్టమైన సమాధానాలే ఇచ్చింది. అందులో కొన్ని ఆశపెట్టేవి కావు.

సగటు ఎవరి జేబులో ఉంది?

ప్రతిసారీ ఉన్నదంతా కాస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. ఒక్కో పందెంలో సగటు లాభం 20 శాతం. 10 సార్లు వరుసగా ఇలా ఆడితే 1,000 రూపాయలు సగటున దాదాపు 6,190 అవుతాయి. వినడానికి బాగానే ఉంది. అయితే ఈ ఆటను 1,000 మంది ఆడారనుకోండి. పదికి పది సార్లూ బొమ్మ పడే అవకాశం 0.6 శాతమే. అంటే దాదాపు ఆరుగురు తలా 10,24,000 రూపాయలతో ఇంటికి వెళతారు. మిగతా 994 మంది చేతిలో రూపాయి మిగలదు. సగటు లెక్క తప్పు కాదు. కానీ అది ఆ ఆరుగురి డబ్బును అందరికీ పంచి చూపిన లెక్క. సగటు మొత్తంతో ఇంటికి వెళ్లిన మనిషి ఆ వెయ్యి మందిలో ఒక్కరూ లేరు.

ఒకసారి ఆడే వెయ్యి మంది సగటు వేరు, వెయ్యి సార్లు ఆడే ఒక్క మనిషి అనుభవం వేరు. ఒక్క మనిషి విషయంలో ఈ రోజు ఫలితం రేపటి పెట్టుబడిని నిర్ణయిస్తుంది. లాభనష్టాలు ఒకదాని మీద ఒకటి గుణించుకుంటూ పోతాయి. 10 శాతం పోతే దాన్ని పూడ్చడానికి సుమారు 11 శాతం లాభం చాలు. 50 శాతం పోతే 100 శాతం లాభం రావాలి. 90 శాతం పోతే 900 శాతం లాభం కావాలి. మొత్తం పోతే ఎంత శాతం లాభం వచ్చినా ప్రయోజనం లేదు, ఎందుకంటే కాయడానికే ఏమీ ఉండదు.

ఎంత కాస్తే ఎంత పెరుగుతుంది?

మళ్లీ ఆ నాణెం దగ్గరికే వద్దాం. ఈసారి ప్రతి పందెంలోనూ అప్పటికి చేతిలో ఉన్న మొత్తంలో ఒక నిర్ణీత శాతం మాత్రమే కాయాలి. 100 పందేల్లో సరిగ్గా 60 గెలుపులు, 40 ఓటములు వచ్చాయనుకుంటే 1,000 రూపాయలు ఇలా మారతాయి:

5 శాతం చొప్పున కాస్తే: సుమారు 2,400 రూపాయలు
10 శాతం: సుమారు 4,500
20 శాతం: సుమారు 7,490
30 శాతం: సుమారు 4,370
40 శాతం: సుమారు 780
50 శాతం: సుమారు 33

నాణెం అదే, గెలుపోటముల సంఖ్యా అదే. మారింది పందెం పరిమాణం ఒక్కటే. 20 శాతం దగ్గర పెరుగుదల శిఖరానికి చేరింది. ఆ తర్వాత ధైర్యం చేసిన కొద్దీ ఫలితం తగ్గింది. 40 శాతం దగ్గర, వందలో 60 సార్లు గెలిచిన మనిషే నష్టంతో బయటపడ్డాడు.

ఆ 20 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? గెలిచే అవకాశం 60 నుంచి ఓడే అవకాశం 40 తీసేస్తే వచ్చేదే 20. కాసినంత లాభం వచ్చే ఆటల్లో సూత్రం ఇంతే. లాభం కాసినదానికి రెండింతలో మూడింతలో వచ్చే ఆటల్లో, రూపాయికి వచ్చే సగటు లాభాన్ని, గెలిచినప్పుడు రూపాయికి వచ్చే లాభంతో భాగించాలి. సగటు లాభం సున్నా అయితే సూత్రం చెప్పే పందెం కూడా సున్నాయే. సగటున నష్టం వచ్చే ఆటలో ఎంత కాయాలని అడిగితే ఈ సూత్రం ఇచ్చే జవాబు ఒక్కటే: ఆడవద్దు.

టెలిఫోన్ పరిశోధన నుంచి పేకాట బల్ల దాకా

ఈ సూత్రాన్ని 1956లో ప్రకటించింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త జాన్ లారీ కెల్లీ. ఆయన ఉద్దేశం జూదం నేర్పడం కాదు. అదే సంస్థలో పనిచేసిన క్లాడ్ షానన్ అప్పటికి ఎనిమిదేళ్ల ముందు సమాచార సిద్ధాంతానికి పునాది వేశారు. లోపాలున్న తీగ ద్వారా సమాచారం ఎంత వేగంగా పంపవచ్చో ఆ సిద్ధాంతం చెబుతుంది. కెల్లీ ఒక జూదరిని ఊహించారు. పోటీ ఫలితాలు అతడికి రహస్య తీగ ద్వారా ముందే అందుతాయి. కానీ ఆ సమాచారంలో అప్పుడప్పుడు తప్పులు దొర్లుతాయి. అతడి డబ్బు పెరగగల గరిష్ఠ వేగం, ఆ తీగ సమాచారాన్ని మోసే వేగంతో సరిపోతుందని కెల్లీ నిరూపించారు. ఎవరి వద్ద ఎంత నికరమైన సమాచారం ఉందో అంత మేరకే వారి సంపద పెరగగలదు. సమాచారం లేని చోట ఎలా కాసినా ఎదుగుదల లేదు.

దీన్ని ఆచరణలో పెట్టింది గణిత శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్ప్. ఎంఐటీలో బోధిస్తున్న రోజుల్లో ఐబీఎం 704 కంప్యూటర్ సాయంతో ఆయన బ్లాక్‌జాక్ పేకాటను విశ్లేషించారు. పంచేసిన ముక్కలు మళ్లీ రావు కాబట్టి, ఏవి పోయాయో గుర్తుపెట్టుకుంటే మిగిలిన ముక్కలు ఎవరికి అనుకూలమో తెలుస్తుంది. పది విలువున్న ముక్కలు, ఆసులు ఎక్కువగా మిగిలితే ఆటగాడికి అనుకూలం. అలాంటప్పుడు పెద్ద పందెం, మిగతా సమయాల్లో అతి చిన్న పందెం కాయాలి. ఎంత పెద్దదన్న ప్రశ్నకు కెల్లీ సూత్రం జవాబిచ్చింది. ఆ సూత్రం గురించి థార్ప్‌కు చెప్పింది షాననే. 1961లో ఇతరులు సమకూర్చిన 10 వేల డాలర్లతో నెవాడా కేసినోల్లో ఆడి థార్ప్ ఆ మొత్తాన్ని రెట్టింపు దాటించారు. 1962లో ఆయన రాసిన ‘బీట్ ది డీలర్’ వెలువడ్డాక కేసినోలు మేలుకున్నాయి. పేకల సంఖ్య పెంచాయి, ముక్కలు లెక్కపెట్టే వారిని బయటకు పంపడం మొదలుపెట్టాయి. అనుకూలత నిజంగా ఉన్నా అది ఎల్లకాలం ఉండదని చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

సూత్రం చెప్పినదాంట్లో సగమే ఎందుకు?

అనుభవం ఉన్నవారు కెల్లీ చెప్పినంత కూడా కాయరు. చాలామంది అందులో సగంతో ఆగుతారు. దీనికి రెండు కారణాలు.

మొదటిది ఒడిదుడుకులు. చిన్న చిన్న పందేల ఆటలో కెల్లీ సూత్రాన్ని పూర్తిగా పాటిస్తే, మొదలుపెట్టిన పెట్టుబడి ఎప్పుడో ఒకప్పుడు సగానికి పడిపోయే అవకాశం దాదాపు 50 శాతం. సగం పందెంతో ఆడితే ఆ అవకాశం 12.5 శాతానికి తగ్గుతుంది. దీనికి చెల్లించే మూల్యం తక్కువే. పెరుగుదల వేగంలో నాలుగింట మూడు వంతులు నిలిచే ఉంటుంది.

రెండోది మరీ ముఖ్యమైనది. నాణెం ఆటలో 60 శాతం అని మనకు ముందే చెప్పారు. నిజ జీవితంలో అలా చెప్పేవారు ఉండరు. గత ఫలితాలు చూసి మనమే అంచనా వేసుకోవాలి. అసలు అవకాశం 55 శాతమై, మనం 60 అనుకుని 20 శాతం చొప్పున కాశామనుకోండి. అప్పుడు కాయాల్సింది 10 శాతమే. రెట్టింపు కాసినందుకు దీర్ఘకాలంలో పెరుగుదల దాదాపు సున్నా అవుతుంది. అంచనాలో ఐదు శాతం పొరపాటు లాభాన్నంతా తినేస్తుంది. తక్కువ కాస్తే ఎదుగుదల కొంత మందగిస్తుంది, ఎక్కువ కాస్తే ఉన్నది కరిగిపోతుంది. ఈ రెండు పొరపాట్లూ సమానం కావు కాబట్టే తక్కువ వైపు ఉండటం మేలు.

జూదరి దివాలా

పందెం పరిమాణాన్ని మార్చకుండా ఆడేవారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్న చాలా పాతది. 17వ శతాబ్దంలో పాస్కల్, ఫెర్మా దీన్ని చర్చించారు. 1657లో క్రిస్టియాన్ హైగెన్స్ తన సంభావ్యతా గ్రంథం చివరి సమస్యగా దీన్ని చేర్చారు. గణితంలో దీనికి ‘జూదరి దివాలా సమస్య’ అన్న పేరు స్థిరపడింది.

మీకు 51 శాతం గెలుపు అవకాశం ఉందనుకుందాం. ప్రతిసారీ ఒకే మొత్తం కాస్తారు. చేతిలో 10 పందేలకు సరిపడా డబ్బుంటే, ఎప్పుడో ఒకప్పుడు అంతా పోయే అవకాశం 67 శాతం. 50 పందేలకు సరిపడా ఉంటే అది దాదాపు 13.5 శాతానికి దిగుతుంది. 100 పందేలకు సరిపడా ఉంటే 2 శాతం లోపే. నైపుణ్యం మూడు సందర్భాల్లోనూ ఒకటే. తేడా అంతా వరుస ఓటములను తట్టుకునే పెట్టుబడిలోనే ఉంది.

అవకాశం సరిగ్గా 50 శాతం అయితే? తరగని నిధి ఉన్న ప్రత్యర్థితో ఆపకుండా ఆడితే, పరిమితమైన డబ్బున్న ఆటగాడు ఎప్పటికైనా దివాలా తీయక తప్పదు. ఆట న్యాయమైనదే అయినా ఫలితం మారదు.

ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి?

జూదంతో బతకాలనుకునే మనిషికి ఇంకో సమస్య ఉంది. సరదాగా ఆడేవాడు పెట్టుబడిని కదిలించకుండా ఉంచవచ్చు. వృత్తిగా ఆడేవాడు అందులోంచే ఇంటి అద్దె, బియ్యం, పిల్లల ఫీజులు కట్టాలి.

పై ఉదాహరణనే తీసుకుందాం. 5 లక్షల పెట్టుబడి. 51 శాతం గెలుపు అవకాశం. ఒక్కో పందెం 5,000 రూపాయలు, అంటే 100 పందేలకు సరిపడా డబ్బుంది. పందేనికి సగటు లాభం 100 రూపాయలు. నెలకు 300 పందేలు ఆడితే సగటున 30 వేల ఆదాయం. ఉద్యోగి జీతంలాగే కనిపిస్తుంది కదా? అయితే అదే 300 పందేల ఫలితంలో హెచ్చుతగ్గులను కొలిచే ప్రామాణిక విచలనం సుమారు 86,600 రూపాయలు. అంటే మూడింట రెండు వంతుల నెలల్లో ఫలితం దాదాపు 57 వేల నష్టానికీ, 1.17 లక్షల లాభానికీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మూడింట ఒక వంతుకు పైగా నెలలు నష్టంతోనే ముగుస్తాయి.

ఇంటికి ప్రతి నెలా నికరంగా 30 వేలు కావాలంటే? సగటు లాభమంతా ఇంటి ఖర్చుకే పోతుంది. పెట్టుబడి వైపు నుంచి చూస్తే ఇది లాభమూ నష్టమూ లేని ఆటగా మారిపోయింది. అలాంటి ఆటలో దివాలా ఖాయమని పైన చూశాం. ఖర్చు లేనప్పుడు 2 శాతం లోపు ఉన్న ముప్పు, నెలకు 15 వేలు తీస్తే సుమారు 13.5 శాతానికి, 30 వేలు తీస్తే ఎప్పటికైనా 100 శాతానికి చేరుతుంది. అందుకే ఇంటి ఖర్చుకు వేరే నిధి లేకుండా, ఆట పెట్టుబడినే కదిలిస్తూ బతకాలనుకున్నప్పుడు నిజమైన నైపుణ్యం ఉన్నవారు కూడా మునిగిపోతారు. అప్పు తెచ్చి ఆడితే వడ్డీ కూడా ఈ ఖర్చు చేసే పనే చేస్తుంది.

అనుకూలత లేని ఆటలో జాగ్రత్త పనిచేయదు

ఇంతవరకూ చెప్పినదంతా ఆట మనకు అనుకూలంగా ఉందన్న షరతుతోనే. చాలా ఆటల్లో ఆ షరతు నెరవేరదు. యూరోపియన్ రౌలెట్‌లో 37 గడులుంటాయి. ఎరుపు మీద కాస్తే గెలిచేవి 18, ఓడేవి 19. పది వేల రూపాయలతో మొదలుపెట్టి, జాగ్రత్తగా వంద చొప్పున కాస్తూ ఇరవై వేలు చేయాలనుకుంటే ఆ అవకాశం అర శాతం కూడా లేదు. అదే పది వేలూ ఒకేసారి కాస్తే 48.6 శాతం. వ్యతిరేకమైన ఆటలో చిన్న పందెం కాపాడదు. ఎక్కువసేపు ఆడించి, ఓటమిని ఖాయం చేస్తుంది.

ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే ఎప్పటికైనా గెలుస్తామన్న ‘మార్టింగేల్’ పద్ధతి సంగతీ ఇంతే. వంద రూపాయలతో మొదలుపెట్టి వరుసగా పది సార్లు ఓడితే 1,02,300 రూపాయలు పోతాయి. ఇన్నీ కాసింది వంద రూపాయల లాభం కోసం. రౌలెట్‌లో ఇలాంటి పది వరుస ఓటములు సుమారు 780 ప్రయత్నాలకు ఒకసారి వస్తాయి. అప్పటిదాకా వంద చొప్పున కూడబెట్టింది 78 వేలు దాటదు. పద్ధతి మార్చినంత మాత్రాన ఆటలో లేని అనుకూలత పుట్టుకురాదు.

నైపుణ్యం ఉన్న ఆటలకూ ఈ లెక్క వర్తిస్తుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పింది. అయితే నైపుణ్యం ఉండటం, లాభం రావడం ఒకటి కాదు. ఇద్దరు తలా వంద పెట్టి ఆడితే, నిర్వాహకులు పది శాతం తీసుకుని గెలిచినవారికి 180 ఇస్తారనుకోండి. అసలు నష్టపోకుండా ఉండాలంటేనే 55.6 శాతం ఆటలు గెలవాలి. సమాన నైపుణ్యం ఉన్న ఇద్దరూ కాలక్రమంలో ఓడిపోతారు, గెలిచేది నిర్వాహకులే. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.

స్టాక్ మార్కెట్‌లోని ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చట్టరీత్యా జూదం కాదు. కానీ పందెం పరిమాణం, ఖర్చుల లెక్క అక్కడా తప్పదు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ విభాగంలో పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఖర్చులతో కలిపి వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ అధ్యయనం తేల్చింది.

పోయిన చోటే వెతుక్కుంటే

లెక్క తెలిసినా పాటించడం కష్టం. ‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అనే మాట పేకాట బల్లల దగ్గర తరచూ వినిపిస్తుంది. గణితం సరిగ్గా దీనికి విరుద్ధంగా చెబుతుంది. డబ్బు తగ్గితే పందెమూ తగ్గాలి. నష్టాన్ని ఒక్కసారిగా పూడ్చాలని పందెం పెంచడమంటే, తట్టుకునే శక్తి తగ్గిన సమయంలోనే ముప్పును పెంచుకోవడం. నాణేనికి గతం గుర్తుండదు. ఐదు సార్లు బొరుసు పడింది కాబట్టి ఆరోసారి బొమ్మకు అవకాశం పెరగదు.

పందెం తగ్గించుకోలేకపోవడం, దాచిపెట్టి ఆడటం, పోగొట్టుకున్నది రాబట్టాలని మళ్లీ మళ్లీ వెళ్లడం వ్యసన లక్షణాలు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వర్గీకరణలో జూద రుగ్మతను మద్యం, మాదక ద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. ఆ దశలో పెట్టుబడి సూత్రాలు అక్కరకు రావు, వైద్య సహాయం కావాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రాన్ని 14416 నంబరులో ఉచితంగా సంప్రదించవచ్చు.

జూదం ఆడని వారికీ

ఈ లెక్క జూదంతో ఆగిపోదు. 1738లో డానియెల్ బెర్నూలీ సంపద విలువ గురించి రాసిన వ్యాసంలో సముద్ర వర్తకుల ఉదాహరణ ఇచ్చారు. సరుకునంతా ఒకే ఓడలో పంపేకంటే రెండు మూడు ఓడల్లో విడదీసి పంపడం మేలని, పెద్ద ధనవంతుడు కాని వర్తకుడికి బీమా సగటు నష్టం కంటే కాస్త ఖరీదైనా లాభమేనని గణితంతో చూపించారు. ఒక్క పంట మీద, ఒక్క బోరుబావి మీద ఉన్నదంతా పెట్టే రైతుకైనా, పదవీ విరమణ డబ్బంతా ఒకే షేరులో పెట్టే ఉద్యోగికైనా ఇదే వర్తిస్తుంది.

డబ్బు పెట్టే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలకు ఒక వరుస ఉంది. ఖర్చులన్నీ పోను ఇది నిజంగా నాకు అనుకూలమా, ఆ మాటకు ఆధారం ఏమిటి? అనుకూలమే అయితే, నా అంచనా కొంత తప్పినా తట్టుకునేలా ఎంత పెట్టాలి? ఇందులోంచి ఇంటి ఖర్చుకు ఎంత తీయాల్సి వస్తుంది? మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా రెండూ వేసుకోనక్కర లేదు.